మన చెలకలో వాళ్ల వేట

ప్రశ్న:

అక్కా, మాది నిర్మల్ జిల్లా కడెం దిక్కు, అడవి అంచున ఊరు. మా ఆయన ఐదేండ్ల సంది దుబాయిల ఉంటున్నడు. నేను, మా అత్తమ్మ కలిసి నాలుగెకరాల చెలక చేసుకుంటున్నం. మూడెకరాలు మక్క, ఎకరం పసుపు. మక్క ఇప్పుడు పాలకంకి మీద ఉన్నది. పందులు పడకుండ అత్తమ్మ రాత్రిపూట మంచెకాడనే పండుకుంటది. రెండు నెలల సంది ఐదారుగురు మొగోళ్లు రాత్రి పది దాటినంక బండ్లమీద వచ్చి, ముండ్లకంప జరిపి మా చెలకలకు వస్తున్నరు. తలకు లైట్లు, వెంట కుక్కలు, ఒకని చేతిల నాటు తుపాకి. అడిగితే "నీ మక్క తినే పందినే కదా కొడుతున్నం, నీకే మేలు" అంటున్నరు. వాళ్లల్ల ఒకడు నాకు మరిది వరుస. ఒకసారి మాంసం తెచ్చి ఇంటికాడ ఇచ్చిపోతే అత్తమ్మ తీసుకున్నది. పోయిన వారం పొద్దుగాల పోయి చూస్తే మా మోటరు స్టార్టరు డబ్బాకెళ్లి చేను ఒడ్డు పొంటి సన్నని ఇనుప తీగ గుంజి ఉన్నది. లొల్లి చేస్తే "మొగడు ఊర్ల లేనిదానివి, ఎక్కువ మాట్లాడకు" అన్నరు. నేనే కంచెకు కరెంటు పెడితే భయపడి రారు గదా అనిపిస్తున్నది. కేసు పెడితే ఊర్ల బతకనిస్తరా? భూమి మా ఆయన పేరు మీద ఉన్నది, నా మాట చెల్లుతదా? ఏం చెయ్యాలె?

— కడెం మండలం నుంచి ఒక చెల్లె

సమాధానం:

చెల్లె, నీ ఉత్తరంలో బండ్ల సంగతి, కుక్కల సంగతి, తుపాకి సంగతి ముందు రాసి తీగ సంగతి చివరికి రాశావు. నేను ఆ తీగ నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ రేపు మాట్లాడుకున్నా నడుస్తుంది. తీగ సంగతి ఈ ఉత్తరం చదివిన రోజే తేలాలి.

మా ఊరు ములుగు వైపు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా మేనమామ తెల్లవారుజామున వరికి నీళ్లు మళ్లించడానికి బావికాడికి పోయాడు. ఒడ్డు దిగుతుండగా కాలికి తీగ తగిలింది. పందుల కోసం ఎవరో పెట్టిన తీగ. పొద్దెక్కినా రాలేదని మామ భార్య, మా అత్తమ్మ, వెతుక్కుంటూ పోయేసరికి అంతా అయిపోయింది. ఆ తీగ లాగింది మామ మోటరు నుంచే. పెట్టినవాళ్లు తెల్లారకముందే చుట్టుకుని పోయారు, స్టార్టరు డబ్బా దగ్గర రెండు బారల ముక్క మాత్రం మిగిలింది. శవం ఇంకా లేవకముందే మా అత్తమ్మను అడిగిన మొదటి ప్రశ్న, "తీగ మీ మోటరు నుంచే పోయింది కదా, మీవాళ్లే పెట్టారా?" అని. ఆమె దగ్గర జవాబు లేదు. అంతకుముందు రెండుసార్లు తీగ కనపడితే మామ చుట్టి అవతల పడేశాడు గాని ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసివ్వలేదు. ఊళ్లో తగువెందుకని ఊరుకున్నాడు. ఆ తర్వాత నేను వకీలునయ్యాను, ఇలాంటి కాగితాలు చాలా చూశాను. అత్తమ్మకు పడిన ఆ ప్రశ్న ప్రతి కేసులోనూ కనిపిస్తుంది.

భూమి నీ చేతిలో ఉంది గనుక అక్కడ ఏది జరిగినా మొదట నిన్నే అడుగుతారు. వాళ్లు అడిగేలోపే నువ్వు చెప్పి ఉండాలి, కాగితం మీద చెప్పి ఉండాలి. కింద నేను రాసేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

స్టార్టరు నుంచి లాగిన తీగలో 230 వోల్టులు ఉంటాయి. పై లైనుకు కొండీ వేస్తే 11 వేల వోల్టులు. "తగిలితే ఫ్యూజు పోతుంది కదా" అనుకునేవాళ్లు ఊళ్లల్లో చాలామంది. పోదు. 5 హెచ్‌పీ మోటరు ఏడెనిమిది ఆంపియర్లు గుంజుతుంది, ఫ్యూజు దానికి తగ్గట్టు వేసుకుంటాం. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. మనిషి పోయినా ఫ్యూజు అట్లాగే ఉంటుంది, తీగలో కరెంటూ అట్లాగే ఉంటుంది. అందుకే ఒకరు తగులుకుంటే లాగబోయిన రెండోవాళ్లు కూడా పోతున్నారు. పైగా మన దగ్గర 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది. రైతుకు అది మంచిదే. కానీ వెనకటిలాగా రాత్రి ఫలానా గంటకు సప్లయి పోతుందన్న ధీమా ఇప్పుడు లేదు, తీగ రాత్రంతా ప్రాణంతోనే ఉంటుంది. మంచు పడి గడ్డి తడిసిన పొద్దు ఇంకా ప్రమాదం. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగుకు పోయిన గ్రేహౌండ్స్ (నక్సలైట్ల కోసం అడవుల్లో గాలించే పోలీసు దళం) కమాండో ఒకరు ఇట్లాంటి తీగ తగిలే చనిపోయాడు. అడవిలో నడవడంలో అంత శిక్షణ ఉన్న మనిషికే చీకట్లో ఆ తీగ కనపడలేదు. మీ అత్తమ్మ లేచి కాలుమడుచుకోవడానికి పోయినా అదే ఒడ్డు మీద నడవాలి.

అందుకే నువ్వు అడిగిన కరెంటు కంచె మాట మనసులోంచి తీసెయ్యి. నీ బాధ నాకు అర్థమవుతుంది. మగతోడు లేని ఇంటిమీదికి చీకటిపూట తుపాకితో వస్తుంటే ఏదో ఒకటి చేసి భయపెట్టాలనిపిస్తుంది. కానీ నువ్వు పెట్టిన తీగకు వాళ్లలో ఒకడు పడినా, పక్క చేనువాళ్ల గొర్లకాపరి పిల్లగాడు పడినా, జైలుకు పోయేది నువ్వు. దొంగతనంగా వచ్చినవాడే కదా అంటే కోర్టు ఒప్పుకోదు. ఆస్తిని కాపాడుకునే హక్కు చట్టం ఇస్తుంది గాని, ఎదురుగా లేని మనిషికి చావు పెట్టి ఇంటికి పోయి పడుకునే హక్కు ఇవ్వదు. విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద కరెంటు దొంగతనం కేసు వేరే పడుతుంది, దానికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

ఆ తీగ ఇంకా ఉందో, వాళ్లే తీసేశారో నువ్వు రాయలేదు. ఉంటే ముట్టకు, కట్టెతో కూడా ముట్టకు. కరెంటు వాళ్ల నెంబరు 1912కు ఫోను చేసి, మీ లైన్‌మన్‌కు కూడా చెప్పి, సప్లయి బందు పెట్టిన తర్వాతే దగ్గరికి పో. అంతకుముందు దూరం నుంచి ఫోటోలు తియ్యి. స్టార్టరు డబ్బా, తీగ కట్టిన చోటు, పాతిన గుంజలు, నీ మోటరు సర్వీసు నెంబరు అన్నీ కనపడాలి. పక్క చేను మనిషిని ఒకరిని వెంట తీసుకుపో, రేపు సాక్ష్యానికి పనికొస్తారు. తీసేసి ఉంటే గుంజల గుంతలు, డబ్బా దగ్గర గీతలు, తెగిన ముక్కలు ఉంటాయి, అవి ఫోటో తియ్యి. డబ్బాకు తాళం వేయించు. లైను మీద కొండీ వేస్తున్నారన్న అనుమానం కూడా ఉంటే కరెంటు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాసేటప్పుడు ఒక మాట కలుపు: ఫలానా రాత్రుల్లో మా ఫీడరు (సబ్‌స్టేషను నుంచి మా దిక్కు వచ్చే లైను) ఏమైనా ట్రిప్పయిందా చూడమని. జంతువు తగిలి లైను కొట్టేస్తే సబ్‌స్టేషను లాగ్‌బుక్కులో సమయంతో సహా ఎక్కుతుంది. మనుషులు మాట మార్చినా ఆ పుస్తకం మారదు.

ఇక వాళ్లు చెప్పే "నీకే మేలు" మాట. మన దిక్కు చాలామంది నమ్మే సంగతొకటి ఉంది: అడవిలో కొడితే నేరం గాని పట్టా భూమిలో కొడితే ఏం కాదని. ఇది తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షను జంతువు ఏదని అడుగుతుంది గాని భూమి ఎవరిదని అడగదు. చట్టం లెక్కలో వేట అంటే తుపాకితో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల వెయ్యడం, విషం పెట్టడం, చివరికి ప్రయత్నించి విఫలమవడం కూడా వేటే. బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు నీ చెలకలో కనపడినా, దాంట్లో ఏదీ పడకున్నా, నేరం జరిగినట్టే.

అడవిపంది, కుందేలు లాంటివి ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే జంతువుల రెండో పట్టికలో ఉన్నాయి. వాటిని వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి, ఉడుము, అలుగు, ఎలుగుబంటి, చిరుత, పెద్దపులి మొదటి షెడ్యూలు. వీటికి తక్కువలో తక్కువ మూడేళ్లు, ఏడేళ్ల దాకా, జరిమానా పాతికవేలకు తగ్గదు. మీది కవ్వాల్ పులుల అడవి పక్క ఊరని మర్చిపోకు. పంది కోసం పెట్టానన్న తీగకు పంది, పులి తేడా తెలియదు. 2025 మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట వైపు ఒక ఆడపులి కరెంటు తీగకే చచ్చింది, అరెస్టులు జరిగాయి. అది నీ చెలకలో, నీ మోటరు నుంచి పోయిన తీగకు జరిగి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించుకో. నిన్ను భయపెట్టాలని ఈ మాట అనడం లేదు, మీ మరిది చేస్తున్న "మేలు" బరువెంతో తెలియాలని అంటున్నాను.

పంట పాడుచేసే పందిని చంపించే దారి చట్టంలో ఉంది. 11వ సెక్షను కింద అధికారం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, గుర్తింపు ఉన్న షూటరు వచ్చి కొడతాడు. మీ చెలకలోకి వస్తున్నవాళ్ల దగ్గర ఆ కాగితం ఉందా? లేదు. నాటు తుపాకికి లైసెన్సు ఉందా? ఉంటే ఇట్లా రాత్రి పది దాటినంక కంప జరిపి రారు. లైసెన్సు లేని తుపాకికి ఆయుధాల చట్టం కింద వేరే కేసు ఉంది, అది పోలీసులు చూసుకునే పని.

మాంసం సంగతి నువ్వు దాచకుండా రాశావు, అందుకు నిన్ను మెచ్చుకుంటాను. అత్తమ్మను ఏమీ అనకు. మన ఊళ్లల్లో వేట మాంసం పంచుకోవడం తరాల నుంచి ఉన్న అలవాటు, ఇంటికి తెచ్చిన కూర వద్దంటే తప్పనుకునే కాలం ఆమెది. కానీ ఇచ్చినవాళ్లకు మాత్రం తాము చేసేది తెలుసు. నీ ఇంట్లో ఒక గిన్నెడు కూర ఉడికిందంటే రేపు నువ్వు నోరెత్తలేవు. చట్టం ప్రకారం అట్లా చంపిన జంతువు, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి. అది నీ చేతికి ఏ దారిలో వచ్చినా 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషనులోగాని, అటవీ అధికారికిగాని చెప్పాలి. దగ్గర పెట్టుకున్నవాళ్లే ఎట్లా వచ్చిందో రుజువు చేసుకోవాలి. చెలకలో చచ్చిన జంతువు కనపడినా ఇదే పద్ధతి, పూడ్చిపెట్టి చేతులు కడుక్కోవద్దు. ఇకమీదట గిన్నె తెస్తే గడప దాటనివ్వకండి. అయిపోయిన దాని గురించి వకీలుతో మాట్లాడకముందు ఎవరి ముందూ సంతకం పెట్టకు, కానీ అబద్ధం మాత్రం ఆడకు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వే ముందు ఫిర్యాదు ఇచ్చినదానివి, వయసు మళ్లిన మీ అత్తమ్మ తెలియక ఒకసారి తీసుకున్నది. ఈ రెండు సంగతులూ చూసేవాళ్లకు కనపడతాయి.

వకీలుకు డబ్బులెక్కడివి అనుకోకు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును పెట్టి ఇస్తారు. జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చూపిస్తారు. నిజమైన వకీలునే ఇస్తారు, మొహమాటపడకుండా వాడుకో.

భూమి మీ ఆయన పేరు మీద ఉందని నీకు బెంగ అక్కర్లేదు. అక్రమ ప్రవేశం అన్న నేరం పాసుపుస్తకం ఎవరి పేరున ఉందన్న దానిమీద నడవదు, భూమి ఎవరి స్వాధీనంలో ఉందన్న దానిమీద నడుస్తుంది. దున్నేది నువ్వు, విత్తేది నువ్వు, కోసేది నువ్వు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దీనికి 329వ సెక్షను ఉంది: ఇంకొకరి స్వాధీనంలోని స్థలంలోకి నేరం చెయ్యాలన్న ఉద్దేశంతోగాని, అక్కడున్నవాళ్లను బెదిరించడానికో అవమానించడానికో విసిగించడానికో గాని అడుగుపెడితే అక్రమ ప్రవేశం. వేట నేరమే గనుక, వేటకని కంప జరిపి కాలు లోపల పెట్టిన క్షణాననే ఈ సెక్షను వర్తిస్తుంది. దీనికి శిక్ష చిన్నదే, మూడు నెలల దాకా జైలు లేదా ఐదువేల దాకా జరిమానా లేదా రెండూ. అందుకే ఉత్త "మా పొలంలోకి వచ్చారు" అని రాసి ఊరుకోవద్దు. అట్లా రాస్తే గెట్టు తగాదా కింద పక్కన పెడతారు. వేట, తుపాకి, తీగ, బెదిరింపు నాలుగూ రాయాలి. "మొగడు ఊర్ల లేనిదానివి" అన్న మాటను వాళ్లన్నది అన్నట్టే, ఆ మాటలతోనే రాయి. బెదిరింపుకు 351వ సెక్షను ఉంది.

ఫిర్యాదు పెద్ద భాషలో ఉండాల్సిన పని లేదు. ఇట్లా రాస్తే చాలు:

"నా భర్త పేరున ఉండి నేను సాగు చేసుకుంటున్న ఫలానా సర్వే నెంబరు చెలకలోకి, ఫలానా తేదీల్లో రాత్రి పది గంటల తర్వాత, ఐదారుగురు మగవాళ్లు నా అనుమతి లేకుండా నాటు తుపాకి, కుక్కలు, లైట్లతో వచ్చి అడవి జంతువులను వేటాడుతున్నారు. వారిలో ఫలానా వ్యక్తిని నేను గుర్తుపట్టాను. ఫలానా తేదీ ఉదయం నా మోటరు స్టార్టరు నుంచి నాకు తెలియకుండా ఇనుప తీగ లాగి ఉండటం చూశాను, ఫోటోలు జతచేశాను. అడిగినందుకు నన్ను ఈ మాటలతో బెదిరించారు. ఈ తీగతో నాకు, నా కుటుంబానికి సంబంధం లేదు. మా ప్రాణాలకు ప్రమాదం ఉంది గనుక వెంటనే తనిఖీ చేయాలని కోరుతున్నాను."

"నాకు తెలియకుండా", "సంబంధం లేదు" అన్న మాటలు వదలొద్దు. మా అత్తమ్మ దగ్గర ఆనాడు లేనివి ఆ రెండే.

దీన్ని మూడు చోట్ల ఇవ్వు: అటవీ రేంజ్ ఆఫీసులో, పోలీస్ స్టేషనులో, కరెంటు ఏఈ దగ్గర. ప్రతిచోటా రెండో కాపీ మీద తేదీ వేసి ముద్ర వేయించుకో. బీట్ ఆఫీసరుకు నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పనట్టే లెక్క. పోలీసులు కేసు కట్టకపోతే కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షను ప్రకారం అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ నీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. ఇంకో మాట, రేంజ్ ఆఫీసుకు పోయేటప్పుడు ఒక్కదానివే పోకు. మీ సంఘం ఆడవాళ్లను ఇద్దరు ముగ్గురిని తీసుకుపో. ఆ తీగ వాళ్ల పశువులకూ, పిల్లలకూ గండమే గనుక వాళ్ల సంతకాలు కూడా పెట్టించు. ఒక్కరి సంతకం మీద ఫిర్యాదు ఇస్తే ఊరు ఆ ఒక్కరిని చూస్తుంది. పదిమందివి ఉంటే తీగను చూస్తుంది.

రాత్రిపూట వాళ్లు వచ్చినప్పుడు ఎదురుపోకు. నువ్వు ధైర్యస్తురాలివని ఉత్తరం చూస్తేనే తెలుస్తుంది, కానీ నాటు తుపాకి ఎప్పుడు పేలుతుందో పట్టుకున్నవాడికే తెలియదు. చీకట్లో మక్కలో కదిలిన దాన్ని పందనుకుని కాల్చి మనుషులను చంపిన సంగతులు మన అడవి ఊళ్లల్లో తరచు వింటూనే ఉన్నాం. బండి చప్పుడు వినపడితే 100కో 112కో ఫోను చెయ్యి, వచ్చిన టైము, పోయిన టైము, బండి నెంబరు ఒక నోట్‌బుక్కులో తేదీవారీగా రాసిపెట్టుకో. ఊరివాళ్లను పోగేసి పట్టుకుని కట్టేసి కొడదామని ఎవరన్నా ముందుకొస్తే ఒప్పుకోకు, కేసు తిరగబడి మీమీదికే వస్తుంది. పొద్దున పోయినప్పుడు పిండి ముద్దల్లాంటివి కనపడితే కాలితో కూడా తన్నకు. నాటుబాంబును అట్లానే ముద్దలో పెట్టి పందికి వేస్తారు, కొరికిన ఎద్దు దవడ పగిలిపోతుంది. పిల్లలను, పశువులను దూరం పెట్టి పోలీసులకు చెప్పు.

మీ మరిదితో మాట్లాడాలా వద్దా? మాట్లాడు, కానీ ఫిర్యాదు ఇచ్చిన తర్వాత, పట్టపగలు, అత్తమ్మనూ ఊళ్లో ఒక పెద్దమనిషినీ కూర్చోబెట్టుకుని. ముందే మాట్లాడితే "వదినె, ఇంకోసారి రాం" అంటాడు, నువ్వు ఊరుకుంటావు, తీగ పక్క చెలకలోకి పోతుంది. అక్కడ పోయే ప్రాణం నీ తెలిసినవాళ్లదే అవుతుంది. అతనితో కోపంగా కాకుండా, "బిడ్డా, నీ మీద పగతోని కాదు. ఆ తీగ నా మోటరుకెళ్లి పోయింది. రేపు నీకే తగిలి పడితే మీ అమ్మ నన్నే అడుగుతది. నేను ఏం చెప్పాలె?" అని అడుగు. వేటకు పోయి తమ తీగకే తామే పడి చచ్చినవాళ్లు తక్కువేం లేరు, ఆ సంగతి అతనికీ తెలుసు. అతను మారతాడని నేను మాట ఇవ్వలేను. చుట్టరికం చెడుతుందేమో కూడా. అయినా రాత్రిపూట తుపాకితో నీ చెలకలో దిగిన రోజే దాన్ని చెడగొట్టింది అతను. ఆ తప్పు నీ నెత్తిన వేసుకోకు.

ఊళ్లో బతకనివ్వరన్న భయం మాత్రం ఉత్తదని నేను అనను. కొన్ని నెలలు మాటలు పడాల్సి రావచ్చు, పెళ్లిలో పలకరించకపోవచ్చు. మళ్లీ బెదిరిస్తే ఆ రోజే రెండో ఫిర్యాదు ఇవ్వు, మొదటిదాని కాపీ జతచెయ్యి. బెదిరింపు మీద బెదిరింపు కాగితానికి ఎక్కుతున్నదని తెలిస్తే ఆ గొంతు తగ్గుతుంది, నేను చూసిన కేసుల్లో ఎక్కువసార్లు తగ్గింది.

ఇవన్నీ చేసినా పందులు మాత్రం వస్తాయి. అవి రాకపోతే వీళ్లకు "మేలు" అన్న సాకు కూడా ఉండదు, అందుకే ఇదీ రాస్తున్నాను. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పేదొకటి పని చేస్తుంది: చేను చుట్టూ ఆముదం వరసలు దగ్గర దగ్గరగా వేసుకోవడం. ఆముదం పందికి రుచించదు, ఆ వాసనలో లోపలి మక్క వాసన దానికి అందదు. పల్లి వేసేవాళ్లు కుసుమ వరసలు వేసుకుంటారు, ముండ్లు గుచ్చుకుని ఆగుతాయి. ఈ పంటకు ఆలస్యమైంది, వచ్చే పంటకు మక్కతోపాటే వెయ్యి. సోలార్ కంచె వేరే సంగతి, దాన్ని చూసి కరెంటు కంచె అనుకోవద్దు. అందులో ప్రత్యేకమైన యంత్రం సెకనుకోసారి చిన్న దెబ్బ కొట్టి ఆగుతుంది, జంతువు అదిరి వెనక్కి పోతుంది గాని చావదు. రైతు వేదికలో మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడుగు, నలుగురైదుగురు చెలకలు కలిపి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. ఇప్పటిదాకా పోయిన మక్కకు ఫోటోలు తీసి, ఏఈఓతో చూపించి, అటవీశాఖకు నష్టపరిహారం దరఖాస్తు పెట్టు. కోత అయిపోయిన తర్వాత పెడితే చూపించడానికి ఏమీ ఉండదు.

మీ ఆయనకు ఫోనులో అన్నీ చెప్పు. అక్కడినుంచి కోపంతో మరిదికి ఫోను చేసి తిట్టనివ్వకు, ఆ తిట్లకు జవాబు ఇక్కడ నువ్వు చెప్పుకోవాల్సి వస్తుంది. పాసుపుస్తకం ఫోటో, మోటరు సర్వీసు కాగితం పంపమను, ఫిర్యాదుకు జతచెయ్యడానికి.

అత్తమ్మను మాత్రం లైన్‌మన్ వచ్చి ఒడ్డంతా చూసిపోయేదాకా మంచెకాడికి పంపకు. ఈ నాలుగు రోజులు ఇంట్లోనే పడుకోమను. రెండు గంపల మక్క పందులు తింటే తిననీ.